గేమ్ డిస్కు మన చేతిలో ఉంటే గేమ్ మనదేనా? అపోహలు - వాస్తవాలు

అమలాపురంలో మాది గేమ్ డిస్కుల కొట్టు. కొత్తవి అమ్ముతాం, పాతవి కొంటాం, మార్పిడి కూడా చేస్తాం. సంక్రాంతికి వారం ముందు నుంచే కొట్టు పిల్లలతో నిండిపోతుంది. ఏటా అవే సందేహాలు. డబ్బు పోయాక అడిగేవాళ్లే ఎక్కువ కాబట్టి ముందే రాసి పెడుతున్నాను.

అపోహ: పెట్టె, డిస్కు నా దగ్గరున్నాయి, ఇక గేమ్ నాదే.

పీసీ గేముల దగ్గర చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మొన్న పండక్కి రాజోలు నుంచి ఒకబ్బాయి వాళ్ల నాన్నగారితో వచ్చాడు. ఎవరి దగ్గరో పాత పీసీ గేమ్ కొన్నాడట. డీవీడీల మీద ఒక్క గీత లేదు. ఇన్‌స్టాల్ అయింది, చివర్లో కోడ్ అడిగింది. పెట్టెలో కాగితం మీదున్న కోడ్ కొడితే, ఇప్పటికే వాడేశారని చూపించింది. "సీడీ శుభ్రంగా ఉంది కదండీ, ఇంకేం కావాలి?" అన్నారు ఆయన. న్యాయమైన ప్రశ్నే. కానీ కోడ్ ఒకసారి ఎవరి అకౌంట్‌లోకి ఎక్కితే గేమ్ వాళ్లదే. ఇది ఇవాళ్టి సంగతి కూడా కాదు. 2004లో హాఫ్-లైఫ్ 2 డిస్కు కొన్నవాళ్లు సైతం స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ సర్వీసులో యాక్టివేట్ చేశాకే ఆడగలిగారు. 2015లో పీసీకి వచ్చిన జీటీఏ 5 పెట్టెలో ఏడు డీవీడీలున్నాయి, అయినా కోడ్ లేకపోతే అవన్నీ వృథా. కోడ్‌తో నడిచే పీసీ గేమ్ పాతది కొనకండి. మా కొట్లో నేనూ తీసుకోను.

అపోహ: కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే గేమ్ మెషీన్) డిస్కు కూడా మొదట ఆడినవాళ్ల అకౌంట్‌కి లాక్ అయిపోతుంది.

అవదు. ప్లేస్టేషన్ (పీఎస్4, పీఎస్5), ఎక్స్‌బాక్స్‌లలో డిస్కే తాళంచెవి. అది ఎవరి దగ్గరుంటే వాళ్లు ఆడుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఇన్‌స్టాల్ అయ్యాక కూడా ఆడిన ప్రతిసారీ డిస్కు లోపల ఉండాల్సిందే. ఈ భయం 2013 నాటిది. ఎక్స్‌బాక్స్ వన్ రోజుకోసారి నెట్‌కి కనెక్ట్ కావాలని, పాత డిస్కులకు షరతులుంటాయని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. జనం గట్టిగా వ్యతిరేకించడంతో కన్సోల్ బయటికి రాకముందే, జూన్ 19న, ఆ నిర్ణయం వెనక్కి తీసుకుంది.

అపోహ: దుబాయ్ నుంచి తెచ్చిన డిస్కు మన దగ్గర ఆడదు.

కోనసీమలో గల్ఫ్‌లో మనిషి లేని వీధి తక్కువ కాబట్టి రోజూ వినే మాటే ఇది. పీఎస్4, పీఎస్5 డిస్కులు ఇక్కడా ఆడతాయి. పెట్టెలో అదనపు కంటెంట్ కోడ్ ఉంటే మాత్రం ఆ దేశపు అకౌంట్‌లోనే ఎక్కుతుంది.

అపోహ: డిస్కు ఉంటే నెట్‌తో పనిలేదు.

ఒకప్పుడు నిజమే. 2022లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ: మోడర్న్ వార్‌ఫేర్ 2 పీఎస్5 డిస్కులో ఉన్నది సుమారు 70 ఎంబీ, మిగతాదంతా డౌన్‌లోడే. నింటెండో వాళ్ల స్విచ్ 2 కన్సోల్‌కి వచ్చే గేమ్-కీ కార్డుల్లో గేమే ఉండదు, డౌన్‌లోడ్ చేసుకోవాలి. కాకపోతే ఆ కార్డును ఇంకొకరికి అమ్ముకోవచ్చు. అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ది క్రూ. 2014లో వచ్చిన కార్ల గేమ్, నెట్ లేకుండా నడవదు. 2024 మార్చి 31న దాన్ని తయారుచేసిన కంపెనీ యూబీసాఫ్ట్ సర్వర్లు ఆపేసింది. డిస్కులో గీత పడలేదు, డ్రైవ్ పాడవలేదు, అయినా గేమ్ తెరుచుకోదు. డబ్బిచ్చి కొన్నవాళ్లకు ఇది అన్యాయం. ఆ కోపంలోంచే, కొన్న గేములను ఇలా ఆడకుండా చేయొద్దంటూ 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం పుట్టింది. అందుకే పాత డిస్కు కొనేముందు గేమ్ పేరు నెట్‌లో కొట్టి, సర్వర్ ఇంకా నడుస్తోందా, ఒక్కరే ఆడే భాగం ఉందా అని చూసుకోండి. రెండు నిమిషాల పని.

లంక గ్రామాల వాళ్లకు ఇంకొక్క మాట. పీఎస్5 స్లిమ్‌కి డిస్క్ డ్రైవ్ విడిగా కొని తగిలిస్తే, మొదటిసారి కన్సోల్‌తో జత కావడానికి నెట్ తప్పనిసరి. ఇంట్లో సిగ్నల్ అందకపోతే డ్రైవ్ పాడైందని టెన్షన్ పడకండి. కన్సోల్, డ్రైవ్ రెండూ కొట్టుకి తెచ్చేయండి, నా ఫోన్ హాట్‌స్పాట్‌తో కలిపిస్తాను.