ఎదుగుదల కథలు: కొన్ని అపోహలు, అసలు సంగతులు

విజయనగరం, శ్రీకాకుళం కాలేజీల్లో సాహిత్యం చదువుతూ, సెమినార్ పేపరుకి ‘పిల్లలు పెద్దవాళ్లయ్యే కథలు’ అన్న అంశం ఎంచుకునేవాళ్ల కోసం ఇది.

అపోహ: తొలిప్రేమ ఉంటేనే ఎదుగుదల కథ.

వాస్తవం: కాలేజీ సినిమాలు చూసి చూసి ఏర్పడిన అభిప్రాయం ఇది. శ్రీకాకుళంలో పుట్టి విజయనగరంలో స్థిరపడిన కథకుడు చాసో (చాగంటి సోమయాజులు) రాసిన ‘ఎందుకు పారేస్తాను నాన్నా?’ తీసి చదవండి. డబ్బుల్లేక చదువు ఆగిపోయిన కుర్రాణ్ని తండ్రి చుట్టలు తెమ్మని పంపుతాడు. బడి ముందు నుంచి వెళ్లాలి. తోటివాళ్ల కంట పడాలంటే వాడికి సిగ్గు. ప్రేమ ఊసే లేదు. వాణ్ని పెద్దవాణ్ని చేసేది ఆ సిగ్గూ, దాని వెనకున్న లేమీ. అందుకే ఏ కథ చదివినా ముందు డబ్బు సంగతి చూడండి. ఇంట్లో డబ్బు ఎవరి చేతిలో ఉంది? లేదన్న సంగతి పిల్లకో పిల్లాడికో ఏ పేజీలో తెలిసింది? ఆ పేజీ దొరికితే పేపరు సగం రాసినట్టే.

అపోహ: చివర్లో పాఠం నేర్చుకున్నట్టు పాత్ర పైకి చెప్పాలి.

వాస్తవం: చెప్పిందంటే చాలాసార్లు కథ చెడిందనే అర్థం. సత్యజిత్ రాయ్ సినిమా ‘పథేర్ పాంచాలీ’ (1955)లో దుర్గ వానలో తడిసి, జ్వరమొచ్చి చనిపోతుంది. ఆ తర్వాత తమ్ముడు అపు తనే పళ్లు తోముకుని, తల దువ్వుకుని బయటికి బయల్దేరతాడు. మబ్బు చూసి, వెనక్కెళ్లి గొడుగు తెచ్చుకుంటాడు. ఒక్క మాట లేదు. కాసేపటికి ఇల్లు ఖాళీ చేస్తుంటే, అక్క దొంగిలించిందని నింద పడ్డ పూసల దండ వాడి చేతికి దొరుకుతుంది. ఎవరికీ చూపించడు, తీసుకెళ్లి చెరువులో విసిరేస్తాడు. దండ పడ్డచోట నాచు విడిపోయి, మెల్లగా మళ్లీ కమ్ముకుంటుంది. అక్క పరువు కాపాడాలని వాడికి ఎవరూ నేర్పలేదు. నన్నడిగితే ఎదుగుదలను ఇంతకంటే బాగా చూపించిన సన్నివేశం అరుదు. ఇలాంటివాటి గురించి రాసేటప్పుడు ‘అపు బాధ్యత తెలుసుకున్నాడు’ అని తేల్చేయకండి. చేతులు ఏం చేశాయో, కళ్లు ఎటు చూశాయో, ఏ మాట అనకుండా ఆపుకున్నాడో వరసగా రాయండి. అర్థం దానంతటదే తేలుతుంది.

అపోహ: కథలో ఏళ్లు గడవాలి.

వాస్తవం: అక్కర్లేదు. ‘బాయ్‌హుడ్’ (2014) సినిమాని అదే నటులతో 12 ఏళ్ల పాటు తీశారు. చాసోకి కొన్ని పేజీలు సరిపోయాయి.

అపోహ: ‘నేను’ అని రాస్తే అది రచయిత బాల్యమే.

వాస్తవం: అలా అనుకుని రచయిత జీవిత విశేషాలతో పేజీలు నింపితే మార్కులు పోతాయి. ఆ ‘నేను’లో ఇద్దరుంటారు: ఆనాటి పిల్లాడు, ఈనాడు చెప్తున్న పెద్దవాడు. జిరాక్సు కాపీ మీద రెండు రంగుల పెన్నులతో గీతలు గీయండి. పిల్లాడికి అప్పుడు తెలిసింది ఒక రంగు, పెద్దయ్యాక కలిపింది ఇంకో రంగు. రెండు రంగులూ ఒకే వాక్యంలో కలిసిన చోట ఆగి చూడాలి. పదేళ్ల గుంటడు ‘వ్యవస్థ’, ‘అస్తిత్వం’ అంటున్నాడంటే అక్కడ మాట్లాడేది రచయితే.

సొంతంగా కథలు రాసేవాళ్లు పొరపాటు చేసేది కూడా ఇక్కడే. చేపల వేటకి గుజరాత్‌లోని వేరావల్ వలసపోయిన నాన్న గురించి శ్రీకాకుళం తీరంలోని పిల్ల చెప్తుంటే, వలసకి కారణాల జాబితా ఆ పిల్ల నోట పలకదు. నాన్న ఫోన్ ఏ వేళకి వస్తుంది, అమ్మ స్పీకర్ ఎప్పుడు ఆపేస్తుంది, ఇవి ఆ పిల్లకి తెలుసు. వాటితోనే కథ నడపండి.

చదవడానికి కథలు కావాలంటే దూరం వెళ్లనక్కర్లేదు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో మొదలుపెట్టిన తెలుగు కథల లైబ్రరీ, కథానిలయం ఉంది. రచయిత పేరు, కథ పేరు రాసుకుని వెళ్తే వెతకడం తేలిక. ఒక్కో కథ రెండుసార్లు చదవండి, నోట్సు రెండోసారికే రాసుకోండి.