ప్రాక్సీ నియమాల వరుసకు వెనుక ఉన్న చరిత్ర

స్క్విడ్ వంటి కాషింగ్ ప్రాక్సీకి (వాడుకరుల తరఫున వెబ్ పేజీలను తెచ్చి, నకలు దాచిపెట్టే మధ్యవర్తి ప్రోగ్రాముకు) యాక్సెస్ నియమాలు, అంటే ఎవరు ఏది చూడొచ్చో చెప్పే వాక్యాలు రాసేవారికి తరచూ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఫైలులో ఏ తప్పూ కనిపించదు, సర్వీసు సజావుగా మొదలవుతుంది, అయినా ఆపాల్సిన సైటు తెరుచుకుంటుంది, తెరుచుకోవాల్సినది ఆగిపోతుంది. ఆ నియమాల రూపం 1990ల నడుమ నాటి అవసరాల నుంచి వచ్చింది కాబట్టి, ఈ చిక్కు మూలాలను కూడా అక్కడే వెతకాలి.

1994లో యూరప్ అణు పరిశోధన సంస్థ సెర్న్‌కు చెందిన ఆరీ లుఓటోనెన్, ఇంటెల్‌కు చెందిన కెవిన్ ఆల్టిస్ వివరించిన వెబ్ ప్రాక్సీ, ఫైర్‌వాల్ లోపలివారికి బయటి వెబ్‌ను చేరవేసే ఏర్పాటు. తెచ్చిన పేజీని దాచి, మళ్లీ అడిగినప్పుడు అక్కడి నుంచే ఇవ్వడం దానికి తోడైంది. ఆ తర్వాత హార్వెస్ట్ పరిశోధన ప్రాజెక్టులోని కాష్ ప్రోగ్రామును ఆధారం చేసుకుని, డ్వేన్ వెస్సెల్స్ నాయకత్వంలో 1996లో స్క్విడ్ వెలువడింది. ఒక సంస్థ కాష్ మరో సంస్థ కాష్‌ను అడిగి తెచ్చుకునే కాలమది. అందువల్ల నా కాష్‌ను ఎవరు వాడుకోవచ్చు అన్న ప్రశ్నకు జవాబు రాసిపెట్టే చోటు అవసరమైంది.

స్క్విడ్ ఆ పనిని రెండుగా విడదీసింది. ఏసీఎల్ (యాక్సెస్ కంట్రోల్ లిస్ట్) వాక్యం చిరునామాలు, సైట్ల వంటివాటి ఒక గుంపుకు పేరు పెడుతుందే తప్ప దేన్నీ ఆపదు, అనుమతించదు. తీర్పు చెప్పేది హెచ్‌టీటీపీ యాక్సెస్ వాక్యం. ఒకే ఏసీఎల్‌లో రాసిన విలువల్లో ఏ ఒక్కటి సరిపోయినా చాలు, కానీ ఒకే యాక్సెస్ వాక్యంలో పక్కపక్కన పెట్టిన పేర్లన్నీ సరిపోవాలి. 192.168.1.0/24 అనే చిరునామాల నెట్‌వర్కుకు ఒక పేరు, 192.168.2.0/24కు మరో పేరు పెట్టి, రెండింటినీ ఒకే అనుమతి వాక్యంలో రాస్తే ఎవరికీ దారి దొరకదు. ఒక అభ్యర్థన రెండు నెట్‌వర్కుల నుంచి ఒకేసారి రాలేదు కదా!

వాక్యాలను పై నుంచి కిందికి చదువుతూ, సరిపోయిన మొదటిదాని దగ్గరే స్క్విడ్ ఆగిపోతుంది. ఏదీ సరిపోకపోతే చివరి వాక్యానికి వ్యతిరేకమైనదే తీర్పు అవుతుంది. ఒక్క కంప్యూటరును నిరాకరించే వాక్యంతో ఫైలు ముగిసిందంటే, పైన దేనికీ సరిపోని మిగతా లోకమంతటికీ తలుపు తెరిచినట్టే. నా దృష్టిలో ఈ మొత్తం పద్ధతిలో అతి ప్రమాదకరమైన నియమం ఇదే. అందరినీ నిరాకరించే వాక్యంతో జాబితాను ముగించాలని పదేపదే చెప్పేది అందుకే.

ఇక కనెక్ట్ పద్ధతి సంగతి, అంటే ప్రాక్సీ గుండా సర్వరుదాకా నేరుగా దారి తెరవమని అడిగే అభ్యర్థన. గుప్తీకరించిన సంభాషణను విప్పకుండా దాటించడానికి వచ్చిన ఈ సొరంగం ఏ పోర్టుకైనా (సర్వరులో ఒక్కో సేవకు ఉండే అంకెకు) వెళ్లగలదు. తెరిచి వదిలేసిన ప్రాక్సీల ద్వారా ఈమెయిల్ పంపే 25వ పోర్టుకు చేరి, స్పామ్ పంపేవారు తమ చిరునామాను దాచుకున్నారు. స్క్విడ్‌తో వచ్చే ఫైలులో సేఫ్ పోర్ట్స్ అనే అనుమతించిన పోర్టుల జాబితాలో లేని పోర్టులను నిరాకరించే వాక్యమూ, ఎస్ఎస్ఎల్ పోర్ట్స్ అనే గుప్తీకరణ పోర్టుల జాబితాలో లేని పోర్టుకు కనెక్ట్‌ను నిరాకరించే వాక్యమూ సొంత నియమాలకంటే పైన ఉండేది ఇలాంటి దుర్వినియోగాన్ని ఆపడానికే. తమ నెట్‌వర్కుకు అనుమతి వాక్యాన్ని వీటికి పైన చేర్చినవారు, తెలియకుండానే ఆ రెండింటినీ తమవారి విషయంలో రద్దు చేసినవారవుతారు. అన్నట్టు, ఆ సేఫ్ పోర్ట్స్ జాబితాలో పాత సమాచార సేవలైన గోఫర్‌కు 70, వేయిస్‌కు 210 అంకెలు ఆ సేవల వాడకం దాదాపు ఆగిపోయాక కూడా చాలాకాలం నిలిచాయి.

గుప్తీకరించిన వెబ్ సంభాషణ అయిన హెచ్‌టీటీపీఎస్ విస్తరించాక చిక్కు మరో రూపం తీసుకుంది. సాదా హెచ్‌టీటీపీలో ప్రాక్సీకి పూర్తి చిరునామా కనిపించేది, కాబట్టి యూఆర్ఎల్ రీజెక్స్‌తో (చిరునామాలోని అక్షరాలను పోల్చే నమూనాతో) ఒక ఫోల్డరును మాత్రమే ఆపడం సాధ్యమయ్యేది. కనెక్ట్‌లో కనిపించేది హోస్టు పేరు, పోర్టు మాత్రమే. 2015లో వచ్చిన స్క్విడ్ 3.5 సంచికలోని పీక్ అండ్ స్ప్లైస్ అనే సదుపాయం, సంభాషణను విప్పకుండానే గుప్తీకరణ పద్ధతి అయిన టీఎల్ఎస్ ఆరంభంలో బ్రౌజరు చెప్పే సర్వరు పేరును చదవగలిగింది, కానీ చిరునామాలో సైటు పేరు తర్వాత వచ్చే దారి భాగం దానికీ అందదు. విప్పి చూడాలంటే ప్రతి కంప్యూటరులోనూ ప్రాక్సీ సర్టిఫికెట్‌ను నమ్మేలా చేయాలి. అది చేయనిచోట, ఫోల్డరు పేరుతో రాసిన పాత యూఆర్ఎల్ రీజెక్స్ వాక్యాలు హెచ్‌టీటీపీఎస్ అభ్యర్థనల్లో దేనికీ సరిపోకుండా, లోపమని ఎక్కడా నమోదు కాకుండా ఫైలులో అలాగే ఉండిపోతున్నాయి.