జింకు మాత్రకూ వణుకుడు జబ్బుకూ లంకె ఎక్కడ మొదలైంది?

నెల్లూరు జిల్లా రైతుకు జింకు కొత్త కాదు. వరి ఆకు మీద తుప్పురంగు మచ్చలు పడితే జింకు సల్ఫేటు కొడతారు. కోవిడ్‌తో అదే జింకు మాత్రగా ఇళ్లలోకి వచ్చింది. కరోనా తగ్గినా బలానికని మానని పెద్దవాళ్లు ఉన్నారు. “అబ్బాయ్, చేతులు వణకతా ఉండాయి, జింకేమన్నా వేసుకోనా?” అని మందుల షాపులో అడిగేవాళ్లు కొందరు. జింకు మెదడు కణాలను చంపుతుందట అని టెన్షన్ పడేవాళ్లు ఇంకొందరు.

ఈ భయానికి మూలం ఉంది. మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లో జింకు ఉందని 1955లో రంగు పరీక్షతో బయటపడింది. నరకణాలు ఒకదానికొకటి కబురు పంపేటప్పుడు జింకును కూడా వదులుతాయని 1984లో తేలింది. 1996లో కో, చోయ్ అనే శాస్త్రవేత్తల బృందం అసలు సంగతి చూపించింది. మెదడుకు కాసేపు రక్తం ఆగితే చనిపోబోయే కణాల్లో ముందే జింకు పేరుకుంటోంది, దాన్ని పట్టేసే మందు ఇస్తే ఆ కణాలు చాలావరకు బతుకుతున్నాయి. ఆ జింకంతా పక్క కణం వదిలిందే అనుకున్నారు. 2000లో ఎలుకల మీద చేసిన పరీక్షలో, కణం తన లోపల దాచుకున్న జింకు కూడా విడుదలై ముప్పు తెస్తుందని అర్థమైంది.

వణుకుడు జబ్బు, అంటే పార్కిన్సన్స్ విషయం ఇంకా చిక్కు. ఆ జబ్బుతో పోయినవారి మెదడులో, కదలికలను అదుపులో ఉంచే డోపమిన్ అనే రసాయనం తయారయ్యే చోట ఇనుము, జింకు ఎక్కువగా, రాగి తక్కువగా ఉన్నాయని 1991 నాటికే రాశారు. రక్తంలో చూస్తే చాలా అధ్యయనాల్లో జింకు తక్కువే! చిన్న వయసులో వచ్చే ఒక రకం పార్కిన్సన్స్‌లో చెడే పార్క్9 జన్యువుకు, కణంలో జింకు సర్దుబాటుకు సంబంధం ఉందని 2014లో చెప్పారు. ఆ జన్యువు చేసే ప్రొటీన్ ముఖ్యంగా మోసేది జింకును కాదు, కణాల్లో సహజంగా ఉండే పాలీఅమీన్లనే చిన్న అణువులనని 2020లో తేలింది. జింకే కారణమనడానికి గానీ, మాత్రతో వణుకు తగ్గుతుందనడానికి గానీ ఇది చాలదు. జింకుకు భయపడి చేప తినడం మానాల్సిన పని అసలే లేదు.

నాకు బెంగ మాత్రం ఏళ్ల తరబడి వేసుకునే మాత్రల గురించే. పెద్దలకు రోజుకు 40 మిల్లీగ్రాములు దాటొద్దని అమెరికా ప్రమాణం. స్ట్రిప్ వెనక సన్నక్షరాలు చదవండి, కొన్నిట్లో ఒక్క మాత్రలోనే 50 ఉంటుంది. పైగా మల్టీవిటమిన్‌లోనూ జింకు ఉంటుంది. జింకు ఎక్కువైతే పేగు రాగిని ఒంటికి పట్టనివ్వదు. రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బుకు జింకు మందైంది ఈ గుణం వల్లే. ఆ జబ్బు లేనివారికి అదే గుణం చేటు. 2008లో అమెరికా వైద్యులు, కట్టుడు పళ్లకు జింకున్న క్రీమును ఏళ్లపాటు విపరీతంగా వాడినవారిలో రాగి పడిపోయి, కాళ్లు తిమ్మిరెక్కి నడక తూలడం గమనించారు.

అలా నడక తూలితే న్యూరాలజిస్టుకు జింకు సంగతి ముందే చెప్పాలి, రక్తంలో రాగి పరీక్ష అడగాలి. జింకు ఆపి రాగి ఇస్తే, రాగి తగ్గడం వల్ల వచ్చే రక్తహీనత త్వరగా సర్దుకుంటుంది. నరాలకు జరిగిన నష్టం చాలామందిలో అక్కడితో ఆగుతుందే తప్ప పూర్తిగా వెనక్కి రాదు.