సాదా బైనామా: అనుభవదారు గడి పోయిన నాటి నుంచే ఈ పేచీ

తెలంగాణలో సాదా బైనామా, అంటే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్ల కాగితం మీద రాసుకుని భూమి కొన్న రైతుల ఫైళ్లు మళ్లీ కదిలాయి. ఈ కొనుగోళ్ల క్రమబద్ధీకరణపై హైకోర్టు స్టే 2025 ఆగస్టులో తొలగింది, కొత్త భూ రికార్డుల చట్టమైన భూభారతి 6వ సెక్షన్ దారి చూపింది. అయినా పట్టా చేతికి రావడం లేదు. నోటీసులు అందుకున్న పాత పట్టాదారుల వారసులు, రికార్డులో భూమి తమ పేరునే ఉందంటూ అడ్డం తిరుగుతున్నారు. ఆ మాటకు ఇంత బలం 2017 తర్వాతే వచ్చింది.

తెల్ల కాగితం మీద కొనుక్కోవడం పల్లెల్లో దొంగచాటు వ్యవహారమేమీ కాదు. సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు, నాలుగు హద్దులు, ముట్టిన పైకం, సాక్షుల వేలిముద్రలు ఉంటే చాలనుకునేవారు. 1969 దాకా కౌలుదారీ చట్టం 47వ సెక్షన్ ప్రకారం సాగుభూమి అమ్మాలంటే సర్కారు అనుమతి తప్పనిసరి. ఆ తిరుగుడు, రిజిస్ట్రేషన్ ఖర్చు భరించలేకే బైనామాలు పెరిగాయి.

కొన్నవారి ధీమా అంతా పహాణీ మీదే, అంటే ఏటా రాసే ఊరి భూముల రికార్డు మీదే. ముప్పైకి పైగా గడులున్న ఆ పత్రంలో పట్టాదారుకు ఒక గడి, అనుభవదారుకు మరో గడి. పట్టా పాత పేరునే ఉన్నా ఏటేటా పట్వారీ, 1984లో ఆ వ్యవస్థ పోయాక గ్రామాధికారి, దున్నుకుంటున్న మనిషి పేరు రెండో గడిలో ఎక్కించేవారు. దాని ఆధారంగానే 1971 ఆర్వోఆర్ (భూ హక్కుల రికార్డు) చట్టం 5ఏ సెక్షన్ కింద 10వ ఫారంలో దరఖాస్తు పెట్టుకుంటే, తహసీల్దారు నోటీసులిచ్చి, విచారించి, కొనుగోలును క్రమబద్ధీకరిస్తూ 13బీ సర్టిఫికెట్ ఇచ్చేవారు.

2017 సెప్టెంబరులో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. పేచీ లేని భూములు పార్ట్ ఏ, పేచీ ఉన్నవి పార్ట్ బీ. బైనామా భూములపై ఫిర్యాదు లేదు కాబట్టి చాలాచోట్ల పట్టాదారు పేరుతోనే పార్ట్ ఏలో పడ్డాయి. అనుభవదారు గడి ఎత్తేశారు. అసలు దెబ్బ అదే. 2018 మేలో మొదలైన రైతుబంధు సొమ్ము కూడా పట్టాదారు ఖాతాకే వెళ్లింది. భూ రికార్డుల, రిజిస్ట్రేషన్ల పోర్టల్ ధరణి వచ్చాక పాస్‌బుక్ ఉన్నవారు స్లాట్ బుక్ చేసుకుని అదే భూమిని ఇంకొకరికి అమ్మినా అడ్డుకునే గుర్తు రికార్డులో లేదు.

2020 సెప్టెంబరులో గ్రామ రెవెన్యూ అధికారులను (వీఆర్వోలను) తీసేశారు. అక్టోబరు 12 నుంచి నవంబరు 10 వరకు బైనామా దరఖాస్తులు తీసుకుంటే దాదాపు 9 లక్షలు వచ్చాయి. గడువు నడుస్తుండగానే, అక్టోబరు 29న కొత్త ఆర్వోఆర్ చట్టం అమల్లోకి వచ్చి 1971 చట్టం రద్దయింది. కొత్త చట్టంలో క్రమబద్ధీకరణ ఊసే లేదు. హైకోర్టు ఆపింది అందుకే.

పాత తేదీలు వేసి పుట్టించిన బైనామాలూ ఉన్నాయని వారసులు అంటున్నారు. నిజమే, కొన్ని ఉంటాయి. కానీ వరుసగా పదేళ్ల పహాణీలు ముందు పెడితే అలాంటివి బయటపడతాయి, కాగితం నిన్న పుట్టినా గడిలో పేరు నిన్న పుట్టదు.

ఇప్పుడు ఆర్డీవో ముందు రైతు రుజువు చేయాల్సింది రెండు: 2014 జూన్ 2కు ముందే కొన్నానని, 12 ఏళ్లుగా అనుభవంలో ఉన్నానని. మొదటిదానికి బైనామా ఉంది. రెండోదానికి 2017కు ముందరి పహాణీ నకళ్లు పనికొస్తాయి. ఆ తర్వాతి ఏళ్లకు చూపడానికి సర్కారు రికార్డులో గడే లేదు. పొరుగు హద్దుదారుల వాంగ్మూలాలు, బోరు కరెంటు బిల్లులు, పంట అమ్మిన రసీదులు ఇప్పుడు కూడబెట్టుకోవాల్సింది అందుకే.