సైలెన్సర్ పెడితే చప్పుడే రాదా? గూఢచారి కథల్లో అపోహలు - వాస్తవాలు

గూఢచారి కథ రాయడానికి కూర్చున్నవాళ్లు చాలామంది పాత సినిమాల్లో చూసిందే మళ్లీ రాస్తారు. అది తప్పని పాఠకుడు పట్టుకుంటాడా లేదా అన్నది తర్వాతి సంగతి. అసలు పద్ధతి తెలియకపోతే చేతికందాల్సిన మంచి సన్నివేశం చేజారుతుంది, పెద్ద నష్టం అదే. నవలకైనా, సినిమా స్క్రిప్టుకైనా, కామిక్‌కైనా ఇది వర్తిస్తుంది.

అపోహ: సైలెన్సర్ బిగించిన పిస్తోలు "ఠుస్" మంటుంది, అంతే.

వాస్తవం: 9 ఎంఎం పిస్తోలు పేలితే వచ్చే శబ్దం దాదాపు 160 డెసిబెల్స్. మంచి సైలెన్సర్ అందులో 25 నుంచి 35 డెసిబెల్స్ దాకా తగ్గిస్తుంది. మిగిలేది 125 పైమాటే. పక్క గదిలో నిద్రపోతున్న మనిషి లేచి కూర్చోవడానికి అది చాలు. సైలెన్సర్ అణచగలిగేది గొట్టం చివర ఒక్కసారిగా తన్నుకొచ్చే వాయువుల చప్పుడును మాత్రమే. తూటా వేగం సెకనుకు 343 మీటర్లు, అంటే ధ్వని వేగం దాటితే గాలిలో పుట్టే "ఫట్" మన్న చప్పుడును అది ఆపలేదు. అందుకే వేగం తక్కువ తూటాలు వాడాలి. అప్పుడు కూడా పిస్తోలు పైభాగం వెనక్కి జరిగి మళ్లీ ముందుకొచ్చేటప్పుడు ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడు వినిపిస్తుంది.

కామిక్ బొమ్మల్లో తరచూ కనిపించే పొరపాటు రివాల్వర్‌కు సైలెన్సర్ తగిలించడం. తూటాలుండే చక్రానికీ గొట్టానికీ మధ్య సన్నని సందు ఉంటుంది. వాయువు, చప్పుడు రెండూ ఆ సందులోంచే బయటపడతాయి. కాల్చేటప్పుడు చక్రం ముందుకు జరిగి ఆ సందును మూసేసే 1895 మోడల్ నాగాంట్ లాంటి రివాల్వర్లు చాలా అరుదు.

అపోహ: కథానాయకుడే "సీక్రెట్ ఏజెంట్".

వాస్తవం: గూఢచార సంస్థలో జీతం తీసుకునే ఉద్యోగి ఆఫీసర్. అతను ఒప్పించి, నడిపించే బయటి మనిషి ఏజెంట్. రహస్యం ఉన్న గదిలోకి రోజూ వెళ్లేది, పట్టుబడితే ప్రాణం పోగొట్టుకునేది ఎక్కువగా ఆ ఏజెంటే. దౌత్యవేత్త ముసుగులో ఉన్న ఆఫీసర్ దొరికితే దేశం నుంచి పంపించేస్తారు, అంతటితో సరి. ఈ తేడా పట్టుకుంటే ఒకరు పణంగా పెట్టే ప్రాణం మీద ఇంకొకరి ఉద్యోగం నడుస్తోందన్న ఘర్షణ కథలోకి దానంతటదే వస్తుంది. ఏజెంటు ఎందుకు లొంగాడన్నదానికి డబ్బు, సిద్ధాంతం, బెదిరింపు, అహం అని నాలుగు కారణాలు చెబుతారు. ఒక పాత్రకు ఒక్క కారణమే అంటగడితే పాత్ర పలచబడుతుంది. పైకి ఒకటి చెప్పించి లోపల ఇంకొకటి ఉంచండి.

అపోహ: తెలివైనవాడు ఎంతటి కోడ్‌నైనా రాత్రికి రాత్రే విప్పేస్తాడు.

వాస్తవం: వన్-టైమ్ ప్యాడ్‌ను, అంటే ఒక్కసారే వాడే అంకెల పేజీల పుస్తకాన్ని, నియమం ప్రకారం వాడితే ఎవరూ విప్పలేరు. పద్ధతి చాలా తేలిక. సందేశాన్ని అంకెల్లోకి మార్చి ఐదేసి అంకెల గుంపులుగా రాసుకోవాలి. ప్యాడ్‌లో ఉన్న అంకెలను వాటికి కలపాలి. పదులు పక్క స్థానానికి మోయకూడదు. ఉదాహరణకు సందేశంలో 47182, ప్యాడ్‌లో 90536 ఉంటే పంపేది 37618. అవతలివాడు అదే పేజీ అంకెలను అలాగే తీసేస్తే 47182 తిరిగొస్తుంది. పేజీని అక్కడే కాల్చేయాలి. అంకెలు ఏ వరుసా లేకుండా పుట్టాలి, ప్యాడ్ సందేశమంత పొడవుండాలి, ఒక పేజీ ఒక్కసారే వాడాలి.

బెడిసికొట్టేదల్లా మనుషుల దగ్గరే. రెండో ప్రపంచయుద్ధ కాలంలో సోవియట్ వాళ్లు కొన్ని పేజీలను రెండుసార్లు అచ్చువేశారు. ఆ పొరపాటును పట్టుకుని ఆ సందేశాలను విప్పడానికి అమెరికన్లు 1943లో మొదలుపెట్టిన "వెనోనా" అనే పని 1980 దాకా సాగింది. అప్పటికీ చాలా సందేశాలు ముక్కలుముక్కలుగానే తేలాయి. "ఇరవై నిమిషాల్లో విప్పేశాను సార్" అనే కుర్రాడికంటే, ప్యాడ్ అచ్చు పని ఆలస్యమవుతోందని పాత పేజీలే మళ్లీ తొక్కించిన గుమస్తా మంచి పాత్ర. ఒక దేశపు రహస్యాలు అతని చేతి మీదుగా పోయాయి, ఆ సంగతి అతనికే తెలియదు.

అపోహ: డెడ్ డ్రాప్ అంటే ఒక చోట వస్తువు దాచడం.

వాస్తవం: దాచడం చిన్న పని. "పెట్టాను", "తీసుకున్నాను" అని ఇద్దరూ కలవకుండానే చెప్పుకునే గుర్తులే అందులో ప్రాణం. వాషింగ్టన్‌లో, అమెరికా గూఢచార సంస్థ సీఐఏలో ఉంటూ సోవియట్లకు పనిచేసిన ఆల్డ్రిచ్ ఏమ్స్ పోస్టు డబ్బా మీద సుద్దగీత గీసేవాడు. మాస్కోలో, పాశ్చాత్య దేశాలకు రహస్యాలు అందించిన సోవియట్ అధికారి ఒలెగ్ పెంకోవ్‌స్కీ కోసం ఒక భవనం మెట్ల దగ్గరున్న రేడియేటర్ వెనక అగ్గిపెట్టె వేలాడదీసే ఏర్పాటు ఉండేది. 1962 అక్టోబర్‌లో అతను అరెస్టయ్యాడు. తర్వాత కొద్ది రోజులకు అనుకున్న గుర్తు కనిపించింది. తీసుకోవడానికి వెళ్లిన అమెరికన్‌ను అక్కడే పట్టుకున్నారు. గుర్తు సరిగ్గానే ఉంది, పెట్టించింది మాత్రం అవతలివాళ్లు! ఇలాంటి సన్నివేశంలో తుపాకీ అక్కర్లేదు. గుర్తు చూసిన మనిషి ఇంటికి తిరిగిపోవాలా, మెట్లెక్కాలా అన్న తటపటాయింపు మీదే రెండు పేజీలు నిలపవచ్చు.

అపోహ: లై డిటెక్టర్ ముందు అబద్ధం నిలవదు.

వాస్తవం: ఆ యంత్రం చూసేది శ్వాస, చెమట, నాడి, రక్తపోటు. అబద్ధాన్ని కాదు, ఒంట్లో కంగారును. పైన చెప్పిన ఏమ్స్ సోవియట్లకు పనిచేస్తూనే 1986లో, 1991లో పరీక్ష దాటాడు, 1994లో గానీ దొరకలేదు. నిజం చెబుతూ భయపడిపోయేవాడు పరీక్ష తప్పవచ్చు. కథలో యంత్రం ముందు నిర్దోషిని కూర్చోబెట్టి చూడండి.

అపోహ: ఫోన్‌లో ఒక నిమిషం మాట్లాడిస్తే చాలు, ఎక్కడున్నాడో దొరుకుతుంది.

వాస్తవం: కథ ఏ కాలంలో జరుగుతోందన్నదాన్ని బట్టి. పాత యాంత్రిక ఎక్స్చేంజీల్లో టెక్నీషియన్ ఒక్కో స్విచ్ వెతుక్కుంటూ వెనక్కి వెళ్లాలి కాబట్టి టైమ్ పట్టేది. డిజిటల్ ఎక్స్చేంజీలో కాల్ కలిసేటప్పుడే నంబర్ నమోదైపోతుంది. 1950ల కథకు గడియారం పెట్టండి, నేటి కథకు వద్దు.

అపోహ: సినిమా కాబట్టి చివర్లో ఛేజింగ్ ఉండి తీరాలి.

వాస్తవం: 1980 జనవరిలో టెహ్రాన్ నుంచి ఆరుగురు అమెరికన్ దౌత్య సిబ్బందిని సినిమావాళ్ల వేషంలో, కెనడా పాస్‌పోర్టులతో తప్పించారు. ఆ ఘటన మీద వచ్చిన 2012 నాటి "ఆర్గో"లో రన్‌వే మీద విమానాన్ని వాహనాలు తరుముతాయి. నిజంగా అలా జరగలేదు. యంత్రలోపంతో విమానం ఆలస్యమైంది, వాళ్లు కూర్చుని ఎదురుచూశారు. అంతకుముందే ఇంకో గండం గడిచింది. ఇరాన్ క్యాలెండర్ లెక్క తప్పి, నకిలీ వీసాల మీద ఇంకా రాని తేదీ పడింది. భాష తెలిసినవాళ్ల కంట పడింది కాబట్టి బయల్దేరేలోగా సరిదిద్దగలిగారు. ఇలాంటి కాగితం తప్పును తెరమీద చూపడం కష్టమే, కానీ అసాధ్యం కాదు. ముందే ప్రేక్షకుడికి తేదీ తప్పని చెప్పేసి, తర్వాత ఆ పాస్‌పోర్టును అధికారి చేతిలో నెమ్మదిగా తిప్పించండి.

అపోహ: నిజంగా గూఢచార శాఖలో పనిచేసినవాళ్లు రాస్తే తప్పులుండవు.

వాస్తవం: ఇయాన్ ఫ్లెమింగ్ బ్రిటిష్ నౌకాదళ ఇంటెలిజెన్స్‌లో పనిచేశాడు. అయినా తన కథానాయకుడు జేమ్స్ బాండ్‌కు ఇచ్చిన చిన్న బెరెట్టా పిస్తోలు పనికిరాదని జెఫ్రీ బూత్రాయిడ్ అనే తుపాకుల నిపుణుడు 1956లో ఉత్తరం రాశాడు. ఫ్లెమింగ్ ఆ మాట మన్నించి తుపాకీ మార్చాడు. తర్వాతి నవలలో ఆయుధాల నిపుణుడికి బూత్రాయిడ్ పేరే పెట్టాడు.

అపోహ: కామిక్‌లో గూఢచారి కథ చెప్పాలంటే పాత్రల మాటలు రాసే బెలూన్ల నిండా వివరణ కావాలి.

వాస్తవం: 1961లో మ్యాడ్ పత్రికలో మొదలైన ఆంటోనియో ప్రోహియాస్ "స్పై వర్సెస్ స్పై"లో మాటలే ఉండవు. తన పేరును కూడా మోర్స్ కోడ్‌లో పెట్టుకున్నాడు. బెలూన్‌లో 20 మాటలు దాటుతున్నాయంటే ఆ సమాచారాన్ని బొమ్మలోకి మార్చే దారి వెతకాలి. పేజీ తిప్పగానే కనిపించే ఎడమ పేజీ మొదటి గడి ఆశ్చర్యానికి సరైన చోటు. దానికి తగిన ఆధారం రెండు మూడు పేజీల ముందే, మామూలు సైజులో, మిగతా సామాన్ల మధ్య గీసి ఉండాలి. దాన్ని క్లోజప్‌లో చూపిస్తే పాఠకుడు అక్కడే పసిగట్టేస్తాడు. అసలు గీయకపోతే మోసపోయానని పుస్తకం మూసేస్తాడు.