తగ్గించుకోవడం వేరు, తక్కువ చేసుకోవడం వేరు: మా సంఘంలో వినిపించే కొన్ని అపోహలు, వాస్తవాలు

బెంగళూరు మారతహళ్లిలో ఒక చిన్న తెలుగు క్రైస్తవ సంఘానికి కాపరిని, అంటే పాస్టర్‌ని. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, పీజీల్లో వంట చేసేవాళ్లు, రాయలసీమ నుంచి బిల్డింగ్ పనులకు వచ్చిన కుటుంబాలు ఆదివారం పక్కపక్కనే కూర్చుంటారు. ప్రార్థన చేయమని వచ్చేవాళ్ల కన్నీళ్ల వెనుక చాలాసార్లు ఈ అపోహలే కనిపిస్తాయి.

అపోహ: దీనమనసు ఉన్నవాళ్లు ఎవరేమన్నా నోరు మెదపకూడదు.

వాస్తవం: తను రాత్రింబవళ్లు చేసిన పనిని పై అధికారి తనదిగా చూపించుకున్నాడని ఒక చెల్లి ఏడ్చింది. "అడిగితే గర్వం అవుతుందేమో అయ్యగారూ" అంది. ప్రధానయాజకుడి ఎదుట ఒక బంట్రౌతు (భటుడు) చెంపమీద కొట్టినప్పుడు యేసు ప్రభువు తిరిగి కొట్టలేదు, కానీ నన్నెందుకు కొడుతున్నావని అడిగాడు (యోహాను 18:23). ఫిలిప్పీ పట్టణంలో అపొస్తలుడైన పౌలును, ఆయన తోటి సేవకుడు సీలను విచారణ లేకుండా కొట్టి చెరసాలలో వేశారు. మర్నాడు గుట్టుగా పంపేస్తామంటే పౌలు ఒప్పుకోలేదు. మేము రోమీయులం, అధికారులే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలన్నాడు (అపొ. కార్యములు 16:37). క్రీస్తు తన్ను తాను తగ్గించుకున్నాడని తర్వాత రాసింది కూడా ఆ ఊరి సంఘానికే. తగ్గించుకోవడం, న్యాయం అడగడం రెండూ ఒకే మనిషిలో ఇమిడాయి. కోపం చల్లారాక, జరిగింది జరిగినట్టు మెయిల్ రాయమ్మా అని ఆ చెల్లితో చెప్పాను.

అపోహ: విశ్రాంతి తీసుకుంటే భక్తి చల్లారినట్టే.

వాస్తవం: నైట్ షిఫ్టు, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం రాత్రంతా ప్రార్థన, ఆదివారం మళ్లీ సౌండ్ సెట్టు పని. ఇలా పరుగెత్తే ఒక తమ్ముడి ఇంట్లో బిడ్డకు నాన్న నిద్రపోతూ కూడా కనిపించడు. చచ్చిపోతే బాగుండునని బదరీవృక్షం కింద పడుకున్న ఏలీయా ప్రవక్తను దేవుడు గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, రెండుసార్లు తిండి పెట్టించాడు. దేవుని మెల్లని స్వరం వినిపించింది ఆ తర్వాతే (1 రాజులు 19). ఈ మాట మాత్రం బతిమాలి చెబుతున్నాను: షుగర్, బీపీ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఉపవాసం ఉండొద్దు, మాత్రలు మానొద్దు. పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడే కదా.

అపోహ: డబ్బే పాపం. లేదంటే డబ్బే దీవెన.

వాస్తవం: కీడులకు మూలం ధనాపేక్ష అని వాక్యం (1 తిమోతి 6:10). ఫ్లాటు కొన్నవాళ్లకే సంఘంలో సాక్ష్యం (దేవుడు చేసిన మేలు) చెప్పే అవకాశమిస్తే, అద్దె కట్టలేని అన్న మనసు ఏమవుతుంది? పేదరికమూ వద్దు, ఐశ్వర్యమూ వద్దు, తగినంత ఆహారం చాలన్న ప్రార్థన (బైబిల్లోని సామెతలు 30:8) మా ఇంట్లో రోజూ చేసుకుంటాం.

అపోహ: "నేనెందుకూ పనికిరాను" అనుకోవడమే వినయం.

వాస్తవం: ఎంచుకోతగిన దానికంటే ఎక్కువగా ఎంచుకోవద్దన్నాడు పౌలు (రోమా 12:3). లేని లోటు కల్పించుకోమనలేదు. తండ్రి సమస్తం తన చేతికి అప్పగించాడని ఎరిగే యేసు తువాలు నడుముకు కట్టుకొని శిష్యుల పాదాలు కడిగాడు (యోహాను 13). తానెవరో తెలిసే వంగాడు. మా సంఘంలో పెద్ద టీమ్‌ను నడిపే ఒక తమ్ముడున్నాడు. తన ఉద్యోగం గురించి అడిగితే దాచడు, అడగకపోతే ఎత్తడు. ప్రేమవిందు (సంఘమంతా కలిసి చేసే భోజనం) అయ్యాక గిన్నెల దగ్గర మేస్త్రీ పని చేసే అన్న పక్కన కూర్చుంటాడు. ఒకరు తోముతుంటే ఒకరు నీళ్లు పోస్తూ, ఇద్దరూ ఊళ్లో వానల గురించి మాట్లాడుకుంటుంటారు.