స్కాట్లాండ్ ప్రభువులు, వారి పత్రాలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

యూరప్ చరిత్ర చెప్పేటప్పుడు స్కాట్లాండ్ వంతు రాగానే తరగతిలో చాలామంది మనసులో ఒకటే బొమ్మ ఉంటుంది. పదహారో శతాబ్దంలో స్కాట్లాండ్‌ను ఏలిన అందగత్తె మేరీ రాణి, ఆమెను చూసి ఓర్వలేని ఇంగ్లండ్ రాణి ఎలిజబెత్, చుట్టూ కత్తులు దూసే మొరటు ప్రభువులు. ఆ ప్రభువులకు ఏం కావాలో మాత్రం ఎవరూ అడగరు. నా దృష్టిలో అసలు పాఠం అక్కడే ఉంది.

అపోహ: వంశానికో గళ్ల బట్ట ఉండేది, ప్రభువుల వేషం అదే.

వంశానికో టార్టన్ అనే పద్ధతి 1822లో బ్రిటన్ రాజు నాలుగో జార్జి ఎడిన్‌బరో వచ్చినప్పటి నుంచి ఊపందుకుంది. మేరీ ఆస్థానంలోని ఎర్ల్‌లు, అంటే పెద్ద ప్రభువులు, ఫ్రాన్సు వారిలా పట్టు, మఖమలు తొడిగేవారు.

అపోహ: కొట్లాటలన్నీ మతం కోసమే.

మతం పెద్ద విషయమే, కాదనను. కానీ హంట్లీ ఎర్ల్ సంగతి చూడండి. ఉత్తరాన ఆయనను మించిన కాథలిక్ ప్రభువు లేడు. రాణి కూడా కాథలిక్కే. అయినా ఆయన అనుభవిస్తున్న మొరే ఎర్ల్ భూములను ఆమె ప్రొటెస్టెంటు అయిన తన సవతి అన్నకు ఇచ్చింది. 1562 అక్టోబరులో కారిచీ దగ్గర రాణి సేనకు చిక్కిన హంట్లీ అక్కడే ప్రాణం విడిచాడు. మరుసటి ఏడాది మేలో, కుళ్లకుండా భద్రపరచిన ఆయన శవాన్ని ఎడిన్‌బరోలో పార్లమెంటు ముందుంచి రాజద్రోహ విచారణ జరిపారు. ఆ తీర్పుతో ఆస్తులు జప్తయ్యాయి. 1565లో అవసరం పడగానే రాణి ఆయన కొడుకును చేరదీసింది. భూమి, బంధుత్వం, పాత పగ: వీటిని పక్కన పెడితే ఈ కథలో ఏదీ అర్థం కాదు.

అపోహ: ప్రభువులు చట్టం తెలియని మూక, రాజరికానికే శత్రువులు.

నన్ను ఎక్కువగా బాధించే అపోహ ఇదే. వాళ్లు ప్రతిదీ రాసుకునేవారు. బలహీనుడు వెంట నడుస్తానని, బలవంతుడు కాపాడతానని రాసిచ్చే బాండ్లు వందల సంఖ్యలో నేటికీ మిగిలి ఉన్నాయి. హత్యకు పూనుకున్నా ముందు సంతకాలే.

రాణి కార్యదర్శి, ఇటలీ సంగీతకారుడు డేవిడ్ రిజ్జియో విషయంలో జరిగింది అదే. రాణి భర్త డార్న్‌లీకి తనకంటూ కిరీట హక్కు కావాలి. తిరుగుబాటు చేసి దేశం విడిచిన ప్రభువులకు భూములు దక్కాలి, ఎందుకంటే వాటిని జప్తు చేసే పార్లమెంటు రోజుల్లోనే కూడబోతోంది. ఇద్దరి అవసరాలూ ఒక పత్రంలో కలిశాయి. 1566 మార్చి 9 రాత్రి, హోలీరూడ్ రాజభవనంలో పడకగదిని ఆనుకున్న ఇరుకైన గదిలో ఆరు నెలల గర్భిణి అయిన రాణి భోజనానికి కూర్చుంది. రహస్యపు మెట్ల మీదుగా ముందు భర్త వచ్చాడు. వెనకే, జబ్బుతో పాలిపోయిన ముఖంతో, కవచం తొడిగిన రూత్వెన్ ప్రభువు. పెనుగులాటలో బల్ల తిరగబడింది. ఆర్గైల్ కౌంటెస్ ఒక కొవ్వొత్తిని పట్టుకోబట్టి గదిలో ఆ మాత్రం వెలుగు మిగిలింది. రాణి దుస్తులు పట్టుకుని వేలాడిన రిజ్జియోను బయటికి ఈడ్చి యాభైకి పైగా పోట్లు పొడిచారు.

తనకేమీ తెలియదని డార్న్‌లీ ప్రకటించాడు. మండిపడిన సహచరులు అతని సంతకమున్న పత్రాన్ని రాణికి చేరవేశారు. ఏడాది తిరక్కుండానే అతనూ హత్యకు గురయ్యాడు.

రాజరికాన్నే తీసేయాలని వాళ్లెవరూ అనుకోలేదు. రాజు తమ చేతిలో ఉండాలనుకున్నారు. 1582లో రూత్వెన్ వర్గం మేరీ కొడుకు, పదహారేళ్ల రాజు ఆరో జేమ్స్‌ను పట్టుకుని పది నెలలు అట్టిపెట్టుకుంది. ఆజ్ఞలన్నీ అతని పేరు మీదే వెలువడ్డాయి.

అపోహ: మేరీ సింహాసనం పోగొట్టింది ఎలిజబెత్.

1587లో మేరీ మరణశాసనం మీద సంతకం ఎలిజబెత్‌దే. సింహాసనం మాత్రం అంతకు ఇరవై ఏళ్ల ముందే పోయింది. 1567 జూలై 24న, లాక్‌లెవెన్ సరస్సు మధ్య కోటలో, సొంత ప్రభువులే ఆమె చేత పదవీత్యాగ పత్రాల మీద సంతకం చేయించారు. ఐదు రోజులకు స్టిర్లింగ్‌లో ఆమె పదమూడు నెలల బిడ్డ జేమ్స్‌కు పట్టాభిషేకం జరిపించారు.